పాలుపంచుకొనుట యనగా నేమి?

బోదకాలు వ్యాధిని కలిగించు సూక్ష్మక్రిమి పగటివేళ ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగియుండి, రాత్రి పొద్దుపోయిన పిమ్మటనే చర్మమునకు చేరువగు నెత్తురులోనికి వచ్చును. ఆ క్రిమిని మోయు దోమ కుట్టు వేళయు అదియే. అందుచేత ఒక యూరిలో ఈ వ్యాధి యెంత వ్యాపించినదో తెలిసికొనగోరు ఆరోగ్య కార్యకర్త పగటిపూట వచ్చిన ప్రయోజనము లేదు. రాత్రి ఎనిమిది గంటలు దాటిన పిదప, జనులు భోజనములు ముగించి నడుము వాల్చు వేళ, ఇంటింటి తలుపు తట్టి, నిద్రకన్నులతో లేచి వచ్చినవారి వ్రేలిని సూదితో గ్రుచ్చి, గాజుపలకపై నెత్తుటి చుక్కను తీసికొనవలెను. ఏ బాధయు లేని మనుష్యుడు, తానెన్నడును చూడని యుద్యోగికి, ఆ వేళగాని వేళలో తన నెత్తురును ఏల ఇయ్యవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వైద్యగ్రంథములలో దొరకదు.

నెల్లూరు జిల్లా ఈ వ్యాధికి చిరకాలముగా నెలవైన తీర జిల్లాలలో నొకటి. పెన్న నీరు కనిగిరి జలాశయము గుండ కాలువలై పారు కోవూరు, కొడవలూరు, విడవలూరు ప్రాంతములు వరిపంటకు పేరొందినవి. నీరు నిలుచు చోట దోమ నిలుచునని అందరును ఎరుగుదురు. అయినను బోదకాలును మోయు క్యూలెక్స్ దోమకు వరిమడిలోని తేటనీటి కన్న ఇంటి వెనుకటి మురుగుగుంట యెక్కువ ఇష్టము. ఈ చిన్న సంగతిని చదువరులు మనసున నుంచుకొనవలెనని కోరిక. దీని పని ముందు కలదు.

ఈ వ్యాధి నియంత్రణమునకై 1955లోనే జాతీయ కార్యక్రమము మొదలైనది. 2004 నుండి దేశమందలి వ్యాధిపీడిత జిల్లాలలో మరియొక పద్ధతి విస్తృతముగ అమలులోనికి వచ్చినది. రెండేండ్లలోపు శిశువులను, గర్భిణులను, తీవ్ర రోగులను విడిచి, తక్కిన వారందరును ఏడాదికొకమారు డీఈసీ మాత్రలు మ్రింగవలెను. ఈ మాత్ర వాచిన కాలును మరల సన్నగా చేయజాలదు. నెత్తురులోని క్రిమిపిల్లలను చంపి, దోమ ద్వారా అవి పొరుగువానికి చేరకుండ చేయుటయే దాని ముఖ్య ప్రయోజనము. తల్లిపురుగు శరీరములో ఏండ్ల తరబడి బ్రదుకును గనుక, ఒక యేట మ్రింగి మానిన చాలదు. అయిదారేండ్లైనను వరుసగా మ్రింగవలెను. అనగా ఆరోగ్యవంతుడు, తన యారోగ్యము కొరకు గాక, వీథి చివర నింకను పుట్టని బిడ్డ కాలు కొరకు, తలత్రిప్పునో వాంతియో కలిగించు మాత్రను మ్రింగవలెనన్న మాట. ఇంతటి పరోపకారమును ప్రభుత్వము ఉత్తరువుతో కోరుచున్నది!

జరిగిన దేమి? మాత్రలు పంచబడినవి, జనులు పుచ్చుకొనిరి, పెక్కుమంది మ్రింగలేదు. పంచిన మాత్రలకును మ్రింగిన మాత్రలకును గల దూరమును దేశమున ననేక ప్రాంతములలో పరిశోధకులు కనిపెట్టిరి. చేయి చాచి తీసికొని గూటిలో పెట్టినవారు కొందరు, దూలమున చెక్కినవారు కొందరు, కార్యకర్త మలుపు తిరుగగానే పెరటిలోనికి విసరినవారు కొందరు. తరువాత కార్యకర్త కన్నుల యెదుటనే మ్రింగవలెనను నియమము పుట్టినది. కార్యాలయములలో మాత్రము “జనులకు చైతన్యము లేదు, ప్రజలు పాలుపంచుకొనుట లేదు” అను మాట వ్యాపించినది.

సమాజశాస్త్రవేత్త పని ఈ మాట దగ్గరనే ప్రారంభమగును. జనులు ఏల మ్రింగలేదని వైద్యుడు విసుగుకొనును. మ్రింగనివాని మాట ఏమైనను సబబుగా నున్నదేమో యని సమాజశాస్త్రవేత్త విచారించును, లేక విచారింపవలెను. మన తెలుగుదేశమున ఈ విచారణకు మొదటిమెట్లు వేసినవారిలో శ్యామచరణ దూబే ముఖ్యుడు. హైదరాబాదునకు చేరువనున్న శామీర్‌పేటలో 1951, 1952 సంవత్సరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు బృందముతో కలిసి ఆయన పరిశోధన సాగించెను. ఆ బృందములో వైద్యము, వ్యవసాయము, పశువైద్యము నేర్చినవారును ఉండిరి. ఆ శ్రమ ఫలితమే 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’. ఒక తెలుగు పల్లె లోకమందలి విశ్వవిద్యాలయములకు పాఠ్యవిషయమైనది దానివలననే.

ఆ గ్రంథము చదివినవారికి ఒక సంగతి విశదమగును. ప్రజారోగ్యమున సమష్టి కృషి యనునది పల్లెకు క్రొత్తది కాదు. మశూచికము వచ్చినను, కలరా వచ్చినను ఊరంతయు కదలెడిది. తెలంగాణమున పోచమ్మ, నెల్లూరు సీమలో పోలేరమ్మ, అంకమ్మ. పేర్లు వేరైనను తీరు ఒక్కటే. కుమ్మరి కుండనిచ్చును, చాకలి దివిటీ పట్టును, మాదిగ డప్పు కొట్టును, రైతు ధాన్యము కొలుచును; జాతర ముగిసి అమ్మవారు పొలిమేర దాటువరకు ఊరివారు ఊరిలోనే ఉందురు. రోగమును ఆ కర్మకాండ ఆపెనా యను ప్రశ్న వేరు. అయితే రోగము ఒక్క ఇంటిది కాదు, ఊరిది అను నెరుక అందు కలదు. ఈ యెరుకయే నేటి ప్రజారోగ్యశాస్త్రమునకు పునాది. అంతమాత్రమున ఆ పాత ఏర్పాటును నెత్తిన పెట్టుకొని పూజింప నక్కరలేదు. ఎవడు డప్పు కొట్టవలెనో, ఎవడు కొలువులో కూర్చుండవలెనో పుట్టుకతోనే నిర్ణయమైపోయిన పాలుపంపకమది. అందరును పాల్గొందురు, నిర్ణయించువారు మాత్రము కొందరే.

దూబే తరువాతి గ్రంథము 1958లో వెలువడినది. సమాజాభివృద్ధి పథకము 1952 అక్టోబరు 2న దేశమందు ప్రారంభమైన పిమ్మట, ఉత్తరప్రదేశ్ పశ్చిమ భాగమున రెండు గ్రామములలో ఆ పథకము నడచిన తీరును ఆయన పరిశీలించెను. ఆ పథకమున శ్రమదానము గొప్ప స్థానము పొందినది. ఊరివారందరు కలిసి బాటలు వేయుట, బావులు త్రవ్వుట, బడిగోడలు కట్టుట. పత్రికలలో ఛాయాచిత్రములు, మంత్రులు పలుగు పట్టి నిలుచుట, అందరి మెడలలో పూలదండలు. దూబే కంటికి కనబడినది మరొకటి. పెద్ద కులములవారు, భూస్వాములు గట్టుపై నిలిచి పని చూచుచు పేరు పొందిరి. మట్టిమోసినవారు ఆనాటి కూలి పోగొట్టుకొనిరి. పూర్తియైన బాటపై బండి నడపుకొనువాడు బండి గలవాడే గదా! చెరకు బండి లేనివానికి ఆ బాటతో పనియేమి? పేదలు ఆ శ్రమదానమును చూచి, పాత బేగారియే మరల వచ్చినదని తలచిరని ఆయన వ్రాసెను. బేగారి యనగా మన వెట్టి.

ఈ ఒక్క పరిశీలన ఆ గ్రంథమున కంతటికిని విలువ తెచ్చినదని చెప్పవచ్చును. ఒకే పని, ఒకే పలుగు, ఒకే గంప. ఒకనికది దానము, మరియొకనికది వెట్టి. భేదము చెమటలో లేదు. బాట ఎటు పోవలెనో నిర్ణయించిన సభలో మట్టిమోసినవాడు ఉండెనా లేదా యన్నదియే భేదము. తెలుగులో ‘పాలికాపు’ అను మాట కలదు. ఆ మాటలో ‘పాలు’ వినబడుచున్నది గాని, ఏ మడిలో ఏ పైరు వేయవలెనో చెప్పుటలో పాలికాపునకు పాలు లేదు. ప్రభుత్వ పత్రములలో కనబడు ‘ప్రజల భాగస్వామ్యము’ పెక్కుమారులు ఈ పాలికాపు పాలు వంటిదే.

1978 సెప్టెంబరులో, నాటి సోవియట్ యూనియనులోని ఆల్మా ఆతా నగరమున 134 దేశముల ప్రతినిధులు కూడి ప్రాథమిక ఆరోగ్య రక్షణమును గూర్చి ఒక ప్రకటన చేసిరి. తమ ఆరోగ్య రక్షణకు పథకము రచించుటలోను, దానిని అమలు జరుపుటలోను పాల్గొనుట ప్రజల హక్కు, విధి యని ఆ ప్రకటనలోని నాలుగవ అంశము చెప్పుచున్నది. ఇచట మాటల వరుస గమనింపదగినది. విధి కన్న ముందు హక్కు వచ్చినది. అమలు కన్న ముందు పథక రచన వచ్చినది. ఆ ప్రకటన జిల్లా కార్యాలయముల మెట్లు దిగి పల్లెకు చేరునప్పటికి హక్కు, పథక రచన దారిలో జారిపోయినవి. విధియు అమలును మిగిలినవి. అంతకు తొమ్మిదేండ్ల ముందే, 1969లో, షెర్రీ ఆర్న్‌స్టీన్ అను అమెరికా విదుషి పౌరుల భాగస్వామ్యమును ఎనిమిది మెట్ల నిచ్చెనతో పోల్చెను. క్రింది మెట్టుపై జనులను ఆడించుట మాత్రమే యుండును. నడిమి మెట్లపై తెలుపుట, సలహా యడుగుట, బుజ్జగించుట. పై మెట్టుపై అధికారమే వారి చేతిలో నుండును. మన పల్లెలలో జరుగు సభలు పెక్కు మూడవ మెట్టు దాటినవి కావు. అధికారి వచ్చి మైకులో చెప్పును, జనులు విని ఇండ్లకు పోవుదురు, హాజరుపట్టీలో వ్రేలిముద్రలు మిగులును.

ఇచట ఒక యాక్షేపణ రాగలదు. రోగము ముంచుకొని వచ్చునప్పుడు సభలు, చర్చలు, సమ్మతులు ఎందుకు? బలవంతముగానైనను మందు వేసి ప్రాణము నిలిపిన చాలదా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. భారతదేశమున మశూచికము చివరిమారు కనబడినది 1975లో. ఆ చివరి దశలో టీకాలు వేయువారు కొన్నిచోట్ల రాత్రివేళ ఇండ్లు చుట్టుముట్టి, తలుపులు నెట్టి, పెనుగులాడువారిని పట్టుకొని టీకాలు వేసిరని పాల్ గ్రీనో అను చరిత్రకారుడు వివరముగా వ్రాసియున్నాడు. ఆ రోగము నేడు లోకమున లేదు. బలవంతమున కలిగిన మేలు కాదనలేని మేలు. అయితే అదే పాలనాయంత్రము మరుసటి యేటనే, 1976లో, అదే యలవాటుతో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకు జనులను లాగుకొనిపోయినది. టీకాకు తలుపు నెట్టిన చేయి శస్త్రచికిత్సకును తలుపు నెట్టినది. ఆ పిమ్మట చాలకాలము వరకు ఉత్తరదేశపు పల్లెలలో ఆరోగ్య శాఖ బండి కనబడినచో మగవారు చెరకుతోటలలో దాగుకొనిరి. ఒకమారు బలిమి ఫలించినచో అది మరల మరల కావలెననిపించును. ఏది మేలో, ఏది కీడో తేల్చు అధికారము సూది పట్టినవాని చేతిలోనే యుండిపోవును.

జనులకు తెలియదనుట యెంత తొందరపాటో నెల్లూరు జిల్లా చరిత్రయే చెప్పగలదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి, వెన్ను వంగి, కీళ్ళు కదలని స్థితి వచ్చు వ్యాధి మానవులలో నున్నదని మన దేశమునకు స్పష్టముగా తెలిసినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుండియే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్ట్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఈ సంగతిని ప్రకటించిరి. (ఈ షార్టే పిమ్మట 1948లో మలేరియా క్రిమి కాలేయములో దాగు దశను కనుగొన్నవారిలో నొకడు.) ఆ పీడిత ప్రాంతము 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు దానిలో చేరినది, అదియే నేటి ప్రకాశం జిల్లా. వైద్యుల కన్న ముందు దీనిని కనిపెట్టినది రైతులని ఈ వ్యాధిని గూర్చి వ్రాసినవారు చెప్పుదురు. దున్నుచున్న యెద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోయినవి. క్రొత్త యెద్దులను తెచ్చిరి. కొలది నెలలకు అవియు అట్లే యయ్యెను. ఎద్దు మారినను జాడ్యము మారలేదు గనుక, తప్పు ఎద్దులో లేదు, ఈ నేలలోనో నీటిలోనో కలదని వారు తర్కించిరి. ప్రయోగశాలలో పండితుడు చేయు తర్కమునకును దీనికిని తేడా యేమి? సూక్ష్మదర్శిని లేదు, అంతియే.

అయినను వారి తర్కము వ్రాతలోనికి ఎక్కలేదు. వారి వెన్నెముకల కొలతలు ఎక్కినవి. ఇచట సమాజశాస్త్రవేత్తకు, ఏ పరిశోధకునకైనను, ఒక ఋణము మిగులుచున్నది. జనులు తమ శరీరమును చూపిరి, నెత్తురునిచ్చిరి, దంతములు చూపిరి, పని మాని ప్రశ్నలకు జవాబులు చెప్పిరి. దానిపై పత్రములు వెలువడినవి, పట్టములు లభించినవి. 1937లో తెలిసిన జాడ్యము నుండి ఆ ప్రాంతపు పల్లెలు ఈనాటికిని పూర్తిగా బయటపడలేదు. కొలిచిన చేతులకు కొలత యొక్క బాధ్యత లేదా?

ఒక సమాజశాస్త్రవేత్త నేడు కొడవలూరు వంటి గ్రామమునకు వచ్చెననుకొనుడు. చేతిలో ముద్రితమైన ప్రశ్నావళి. ఇంటిలో ఎందరు, మరుగుదొడ్డి కలదా, మాత్ర మ్రింగినారా, గ్రామసభకు పోయినారా? రైతు పొలము పనిలో నుండి, ఇల్లాలు పొయ్యి దగ్గర నుండి తొందరగా జవాబులు చెప్పుదురు. వచ్చినవానికి ఏ జవాబు ప్రీతియో మన పల్లెవారు క్షణములో పసిగట్టుదురు. మర్యాదకై ఆ జవాబే యిచ్చి పంపుదురు. ఆ మర్యాదయే పట్టికలలోనికెక్కి శాతములగును. ఇంతలో అరుగుపై కూర్చున్న యవ్వ యెవరైనను, “రాసుకోని పోతుండావు గానీ నాయనా, మా మురుక్కాలవ సంగతేంది?” అని అడిగినచో ప్రశ్నావళిలో ఆ మాటకు చోటెక్కడ? అవ్వ యడిగినది అడ్డుప్రశ్న కాదు. దోమ పుట్టుచున్నది ఆ మురుగుకాలువలోనే. ఏడాదికొకమారు మాత్ర మ్రింగుమను శాఖ వేరు, కాలువ పూడిక తీయవలసిన పంచాయతీ వేరు. జనుల మాటలో ఒక్కటిగా నున్న వ్యాధి కార్యాలయములలో రెండు దస్త్రములైనది.

నెల్లూరు జిల్లాలోనే జనులు పిలువకుండ పాల్గొన్న ఘట్టమొకటి కలదు. దానిని ప్రజారోగ్య చరిత్రలో చేర్చుటకు పలువురు సంకోచింతురు. 1991లో ఈ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. రాత్రిబడులు, కళాజాతాలు, స్వచ్ఛంద సేవకులు. ప్రభుత్వము కోరినది అక్షరములు నేర్వవలెనని మాత్రమే. వాచకములోని సీతమ్మ కథ త్రాగుబోతు భర్తతో పడు పాట్లను గూర్చినది. పగలంతయు కూలికి పోయి వచ్చిన స్త్రీలు లాంతరు వెలుతురులో ఆ పాఠమును కూడబలుకుకొని చదివి, ఇది ఎవరి కథ యని ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. కలిగిరి మండలములోని దూబగుంటలో, వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు సారాయిని తమ ఊరికి రానీయమని నిర్ణయించి, నిలబడి ఆపిరి. ఆ సంగతి ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పాఠమై తరువాతి వాచకములో చేరినది. ఆ పాఠము చదివిన ఊళ్ళన్నిటను అదియే జరిగినది. 1992లో ఈ ఉద్యమము జిల్లాను దాటి రాష్ట్రమంతట వ్యాపించినది. సారాయి పాటలు నడుపవలసిన చోట స్త్రీలు గుంపులుగా చేరిరి. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అదే యేట అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడినది.

ఆ స్త్రీల దృష్టిలో సారాయి యనునది నీతిబోధకు విషయము మాత్రమే కాదు. భర్త కాలేయము, తమ వీపుమీది దెబ్బలు, బిడ్డ కంచములోని మెతుకులు, సంజవేళకు కరగిపోయిన కూలి డబ్బులు, ఇవన్నియు వారికి ఒక్కటే లెక్క. ఇంత సమగ్రముగా ఏ ఆరోగ్య సర్వే లెక్కవేయగలదు? వారికి శిక్షణ యిచ్చినవారు లేరు. మీ యూరి ముఖ్య సమస్య ఏమని పటము గీయించినవారు లేరు. చదువుటకు ఒక పాఠము, కూర్చుండుటకు ఒక చోటు, మాటలాడుకొనుటకు రాత్రిపూట ఒక గంట, ఇవి దొరకినవి. తక్కినదంతయు వారే చేసికొనిరి.

ఆ ఉద్యమము బయటపెట్టిన చిత్రమైన సంగతి మరొకటి కలదు. ఒక చేతితో పలక నిచ్చినదియు, మరియొక చేతితో సారాయికి పాట పెట్టినదియు ఒకే ప్రభుత్వము. చదువులో పాలుపంచుకొనుడని పిలిచినవారే, జనులు ఖజానా ఆదాయములో వ్రేలు పెట్టి పాలుపంచుకొనగానే ఉలికిపడిరి. పోలీసులు వచ్చిరి, కేసులు పెట్టిరి. జనుల భాగస్వామ్యమును నిజముగా కోరువారికి ఇది పరీక్ష. అడిగిన చోట పాల్గొనుట సులభము. అడుగని చోట పాల్గొన్నప్పుడు ఏమనవలెను? 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో రాబడి చాలదను కారణముతో అది సడలింపబడినది. నిషేధము తెప్పించుటకు వీథికెక్కిన స్త్రీలకు దానిని సడలించు వేళ ఏ పీట వేసిరి? వారి లెక్కలో నున్న కంచము, వీపు, కాలేయము ఖజానా లెక్కలో ఏ పద్దు క్రిందను రాలేదు.

పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు నెలకొల్పిన యనుభవ మండపమును ఇచట తలచుట అసందర్భము కాదు. మడివాల మాచయ్య బట్టలుదుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు; వారు అందు కూర్చుండిరనుట మాత్రమే గొప్పగా చెప్పుకొనుట మనవారి కలవాటు. కూర్చుండుట కన్న గొప్పది వేరొకటి కలదు. ముక్తాయక్క, అక్కమహాదేవి అల్లమప్రభువుతో వాదించిరి. వారి మాటకు ఆయన బదులు చెప్పవలసి వచ్చినది. మండపమున చోటు దొరకుట వేరు, మాట చెల్లుట వేరు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలేరి తెచ్చు కాయకము చేయుచు, ఒకనాడు అవసరమునకు మించి తేగా, లక్కమ్మ ఆ మిగులు తిరిగి అచటనే పోసి రమ్మనెనని మన సంప్రదాయ కథ. ఎంత చాలునో నిర్ణయించినది ఆ ఇల్లాలు. పేదరాలైనను లెక్క ఆమెదే. దాసోహమందు ఇచ్చువాడు గట్టుపై నిలువడు, పుచ్చుకొనువాడు చేయి చాచి వంగడు. ఈ మాటలను వేదికలపై వల్లించువారే తమ యూరి మురుగుకాలువ త్రవ్వు పనికి ఎవరిని పంపుచున్నారో, తమ వీథికి ఎంత దూరమున ఆ కాలువ ముగియుచున్నదో ఒకమారు నడచి చూచుట మంచిది.

1977లో ప్రతి వేయిమందికి ఒక గ్రామ ఆరోగ్య కార్యకర్తను ఊరివారే ఎన్నుకొనవలెనని కేంద్ర ప్రభుత్వము పథకము పెట్టినది. నెలకు 50 రూపాయల భత్యము. ఊరివారు ఎన్నుకొనుట యనగా పెక్కుచోట్ల ఊరిపెద్ద తనవానిని పెట్టుకొనుటయే యైనది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చిన పిమ్మట ఆశా కార్యకర్త వచ్చినది, గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య సంఘము వచ్చినది, ఆ సంఘమునకు ఏడాదికి పదివేల రూపాయలు తమ యిష్టప్రకారము వ్యయపరచుకొను అధికారము వచ్చినది. పదివేలు పెద్ద మొత్తము కాదు. ‘తమ యిష్టప్రకారము’ అను మాట మాత్రము పెద్దది. ఆ యిష్టము ఎవరిదన్నదియే ప్రశ్న. తీర్మానపు పుస్తకము సంతకమునకు ఇంటికి వచ్చునా, లేక సభ్యులు ఒకచోట చేరి పుస్తకమును తెరచెదరా? ఆశా కార్యకర్త చేయు చాకిరికి జీతమని పేరు పెట్టుటకే ప్రభుత్వములు తటపటాయించుచున్నప్పుడు, ఆమెను స్వచ్ఛంద సేవకురాలని పిలుచుట దూబే చూచిన శ్రమదానమును జ్ఞప్తికి తెచ్చుచున్నది.

నగరముల సంగతి పోల్చి చూచినచో ఈ విషయమందలి అన్యాయము మరింత స్పష్టమగును. నగరములోని మేడలలో నివసించువారిని కుళాయి నీటి కొరకు పలుగు పట్టుమని, మురుగు గొట్టము కొరకు సంఘముగా ఏర్పడుమని, ఆరోగ్య చైతన్యము పెంచుకొనుమని ఎవరును కోరరు. పన్ను కట్టుదురు, నీరు వచ్చును, రాకున్న ఫిర్యాదు చేయుదురు. పల్లెలోని కూలివాడును తాను కొను ప్రతి వస్తువుపై పన్ను కట్టుచునే యున్నాడు. అతనికి మాత్రము నీరు కావలెనన్న భాగస్వామ్యము, మరుగుదొడ్డి కావలెనన్న భాగస్వామ్యము. శ్రమయందు పాలు పేదకు, నిర్ణయమందు పాలు పెద్దకు నిలిచియున్నంత కాలము ఆ సుందరమైన మాటను వెట్టియని పిలుచుటయే నిజాయితీ. అట్లని పేదలు పాల్గొనరాదని కాదు. పాల్గొనదలచినప్పుడు మొదటి పలుగు వేటుకు ముందే వారు పిలువబడవలెను, వద్దనుటకును వారికి వీలుండవలెను. వద్దనుటకు వీలులేని చోట ‘సరే’ యన్న మాటకు అర్థము లేదు.

మాత్ర విషయమునకు వచ్చినచో, కొడవలూరులో ఒక రైతు దానిని మ్రింగుటకు కారణము లేకపోలేదు. పొరుగింటి బిడ్డ పేరు అతనికి తెలియును. ఆ బిడ్డ కాలు కొరకు మ్రింగుమని విడమరచి చెప్పినచో మ్రింగువారు కలరు. రాత్రివేళ తలుపు తట్టి నెత్తుటి చుక్క తీసికొనినవాడు, ఆ చుక్కలో ఏమి కనబడినదో మరుసటి వారము వచ్చి ఆ యింటివారికే చెప్పినచో, తరువాతి మారు తలుపు త్వరగా తెరచుకొనును. ఊరిలో ఎందరి నెత్తురు తీసిరి, ఎందరిలో క్రిమి కనబడినది, ఏ వీథిలో ఎక్కువ, ఆ వీథి కాలువ ఎన్నాళ్ళుగా పూడియున్నది. ఈ నాలుగు సంగతులను తెలుగులో వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడపై అంటించుటకు కావలసినది ఒక కాగితము, కొంచెము మైదాపిండి జిగురు. గ్రామసభనాడు అవ్వ ఆ గోడను చూపి మురుగుకాలువ సంగతి మరల అడుగును. ఆనాడు సర్పంచి యెదుట, ఆరోగ్య శాఖ ఉద్యోగి ప్రక్కన, పంచాయతీ కార్యదర్శి చేతిలో తీర్మానపు పుస్తకము తెరచి యుండవలెను.